సరఫరా అంతరాయాలు – కంప్యూటర్ నిల్వ సాధనాల ధరలు

హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు, పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల వంటి నిల్వ సాధనాల ధర మిగతా సరుకుల్లా ఏటా పెరగదు, తగ్గుతుంది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్ యూనిట్‌లో 50 పళ్లేలు ఉండేవి. వాటన్నిటిలో కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ గోరంత మెమరీ కార్డులో దానికి లక్ష రెట్లు పడుతుంది. దశాబ్దాలుగా ధర దిగుతూనే ఉంది కాబట్టి ‘ఆర్నెల్లు ఆగితే ఇంకా చవగ్గా వస్తుంది’ అనేది కొనేవాళ్లకు అలవాటైన లెక్క.

ఆ లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది. ఒక్కోసారి వరద, ఒక్కోసారి కరెంటు అంతరాయం, ఇంకోసారి కర్మాగారంలో రసాయనం కలుషితం కావడం అందుకు కారణం. కంపెనీలు తమంతట తామే ఉత్పత్తి తగ్గించుకున్నప్పుడూ, అంతకుముందు లేని కొత్త కొనుగోలుదారు ఉన్నట్టుండి వచ్చి ఉన్నదంతా ఎత్తుకుపోయినప్పుడూ ఇదే జరుగుతుంది. ఈ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఎంత సరుకు పోయిందన్నది ఒక్కటే ధరను నిర్ణయించదు. ఆ సరుకు ఎన్ని చోట్ల తయారవుతోంది, గోదాముల్లో ఎంత ఉంది, కొనేవాడు వరసలో ఎక్కడ నిలబడ్డాడు అన్నవీ చూడాలి. చిల్లరగా ఒక్క డిస్క్ కొనుక్కునే మనిషికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ మూడోదే. ఆ వరసలో అతనిది ఎప్పుడూ చివరి చోటు.

వరస ఎలా ఉంటుంది

నిల్వ సాధనాలు తయారుచేసే కంపెనీలు ముందుగా సరుకిచ్చేది డేటా కేంద్రాలు నడిపే సంస్థలకు, డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంప్యూటర్ తయారీదారులకు. వాళ్లతో మూడు నెలలకో, ఏడాదికో ముందే ఒప్పందం ఉంటుంది. ధర, పరిమాణం రెండూ అందులో రాసి ఉంటాయి. దీన్ని ఒప్పంద ధర అంటారు. వాళ్లకు పోగా మిగిలింది డిస్ట్రిబ్యూటర్లకు, వాళ్ల నుంచి డీలర్లకు, అక్కణ్ణుంచి దుకాణాలకు చేరుతుంది. ఈ దారిలో ధర ఏ రోజుకారోజే. కొరత వచ్చినప్పుడు కంపెనీ ముందు ఒప్పందాలు తీర్చుకుంటుంది. మొత్తం ఉత్పత్తి పాతిక శాతం తగ్గినా, దుకాణాల వాటా సగానికి పైగా పడిపోవచ్చు. పత్రికలో ‘డిస్కుల సగటు ధర 30 శాతం పెరిగింది’ అని చదివిన మనిషికి దుకాణంలో రెట్టింపు ధర వినబడేది ఇందుకే. ఆ వార్తా నిజమే, దుకాణంలో చెప్పిన రేటూ నిజమే.

దుకాణదారు లెక్క మరోటి ఉంది. తన దగ్గరున్న డిస్క్ పాత ధరకు కొన్నదే అయినా, అమ్మేశాక దాని స్థానంలో ఇంకోటి తెచ్చుకోవాల్సింది కొత్త ధరకు. అందువల్ల విపత్తు వార్త వచ్చిన రోజే, ఒక్క డిస్కయినా తగ్గకముందే, రేటు మారిపోతుంది. కొనేవాళ్లకు ఇది దోపిడీగా కనిపిస్తుంది. కొంతమంది విషయంలో దోపిడీయే కావచ్చు కానీ, ఈ పని చేయని దుకాణదారు రెండో విడత సరుకు తెచ్చుకోలేడు. తప్పు పట్టాల్సిన చోటు వేరే ఉంది. సరఫరా కుదుటపడ్డాక ధర ఎక్కినంత వేగంగా దిగదు, దానికి మాత్రం ఏ లెక్కా సాకు కాదు.

2011: థాయ్‌లాండ్ వరదలు

ఈ విషయంలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ 2011 చివర్లో వచ్చిన హార్డ్ డిస్క్ కొరత. అప్పటికి ప్రపంచంలో తయారయ్యే హార్డ్ డిస్కుల్లో 40 శాతానికి పైగా థాయ్‌లాండ్ నుంచి వచ్చేవి. డిస్కులు చేసే సీగేట్ 1983లోనే అక్కడ అడుగుపెట్టింది. తక్కువ కూలి, ప్రభుత్వ పన్ను రాయితీలు చూసి తక్కిన కంపెనీలూ వచ్చాయి. డిస్కులు బిగించేవాళ్ల చుట్టూ వాటికి మోటార్లు, చదివే తలలు, వాటిని పట్టి ఉంచే సన్నటి లోహపు చేతులు తయారుచేసేవాళ్లు చేరారు. ఇదంతా బ్యాంకాక్‌కు ఉత్తరాన, అయుత్తయ, పతుంథాని రాష్ట్రాల్లోని పారిశ్రామికవాడల్లో కుదురుకుంది. నిన్నమొన్నటి దాకా వరి పండిన ఆ పల్లపు నేల చావో ఫ్రాయా నది వరద మైదానం.

ఆ ఏడాది జులై ఆఖరులో నోక్‌టెన్ తుపానుతో మొదలైన వానలు వరసగా కురుస్తూనే పోయాయి. ఉత్తరాన భూమిబోల్, సిరికిట్ జలాశయాలు నిండాయి. కిందికి వదిలిన నీళ్లూ వాననీళ్లూ కలిసి నెమ్మదిగా దక్షిణానికి కదిలాయి. అక్టోబరు 4న సహా రత్తన నకోర్న్ పారిశ్రామికవాడ మునిగింది. ఆ తర్వాత రోజన, హైటెక్, బాంగ్ పా-ఇన్, నవనకోర్న్ వాడలు ఒకదాని వెంట ఒకటి మునుగుతూ వచ్చాయి. మొత్తం ఏడు వాడలు నీటిపాలయ్యాయి. ఈ వరదల్లో 800 మందికి పైగా చనిపోయారు. నష్టం సుమారు 4,650 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా కట్టింది. డిస్క్ ధరల గురించి రాసేటప్పుడు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేయడం రివాజు అయిపోయింది. ఆ కర్మాగారాల్లో పనిచేసే లక్షలమందికి పని ఆగిపోయింది, చాలామంది ఇళ్లూ మునిగాయి.

వెస్టర్న్ డిజిటల్ కంపెనీ తన డిస్కుల్లో దాదాపు 60 శాతం థాయ్‌లాండ్‌లోనే చేయించేది. బాంగ్ పా-ఇన్‌లో ఉన్న దాని కర్మాగారంలో ఆరడుగుల ఎత్తున నీళ్లు నిలిచాయి. డిస్క్‌లో అక్షరాలు చదివే తల, తిరిగే పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. ధూళి కణం ఒక్కటి పడినా డిస్క్ పాడైపోతుంది. అందుకే ఆ గదుల్లోకి గాలి కూడా వడపోశాకే వెళ్తుంది. అలాంటి గదుల్లో బురదనీళ్లు వారాల తరబడి నిలిచాయి. నీళ్లలోకి గజ ఈతగాళ్లను దించి యంత్రాలను పైకి తెప్పించుకున్నారు. నవంబరు నెలాఖరుకు అక్కడ మళ్లీ కొద్దికొద్దిగా ఉత్పత్తి మొదలైంది. అంత త్వరగా మొదలవడం చాలామంది ఊహించనిది. తోషిబా నవనకోర్న్ కర్మాగారమూ మునిగింది, ఆ పనిని ఆ కంపెనీ ఫిలిప్పీన్స్‌కు మళ్లించింది.

సీగేట్ కథ వేరు. దాని థాయ్‌లాండ్ కర్మాగారాలు తెపరుక్, కోరత్‌లలో ఉన్నాయి. వరద నీరు అక్కడికి చేరలేదు. అయినా సీగేట్‌కూ కొరత తప్పలేదు, ఎందుకంటే మునిగినవాళ్లలో నిడెక్ ఉంది. పళ్లేలను తిప్పే చిన్న మోటార్లలో ప్రపంచం మొత్తానికి నాలుగింట మూడొంతుల దాకా ఈ జపాను కంపెనీవే. తలలను పట్టి ఉంచే చేతులు చేసే హచిన్సన్ కర్మాగారమూ అయుత్తయలోనే ఉంది. డిస్కులు చేసే కంపెనీలు అయిదు ఉన్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి చూసుకోవచ్చు అన్న ధీమా ఎంత ఉత్తదో అప్పుడు తేలింది. పేర్లు అయిదైనా, లోపలి మోటారు దాదాపు అందరికీ ఒకే ఇంటి నుంచి వస్తోంది. ఉల్లిపంట పోతే నాలుగు నెలల్లో ఇంకో పంట వస్తుంది, నీళ్లున్న ఏ ఊరి రైతైనా వేయవచ్చు. ఈ మోటార్లకు, తలలకు అలాంటి వీలు లేదు. కొత్త సరఫరాదారు సరుకును పరీక్షించి ఒప్పుకోవడానికే నెలలు పడుతుంది.

2011 మూడో త్రైమాసికంలో ప్రపంచమంతటా 17 కోట్లకు పైగా డిస్కులు కంపెనీల నుంచి బయటికి వచ్చాయి. నాలుగో త్రైమాసికంలో ఆ సంఖ్య 12 కోట్ల చిల్లరకు పడిపోయింది. కంపెనీలు అమ్మిన సగటు ధర సుమారు 51 డాలర్ల నుంచి 66 డాలర్లకు ఎక్కింది. ఒప్పందాలున్న పెద్ద కొనుగోలుదార్లను కలుపుకున్న సగటు ఇది. అమెరికా దుకాణాల్లో చాలా మోడళ్లు రెండు మూడు వారాల్లోనే రెట్టింపు దాటాయి. మనిషికి రెండే ఇస్తామని బోర్డులు పెట్టిన దుకాణాలూ ఉన్నాయి.

చిన్న డిస్కులు కొనేవాళ్లు మరీ నలిగారు. మోటారు 320 గిగాబైట్ల డిస్క్‌కైనా ఒకటే, 3 టెరాబైట్ల డిస్క్‌కైనా ఒకటే. మోటార్లు చాలనప్పుడు ఏ కంపెనీ అయినా వాటిని ఎక్కువ లాభం వచ్చే డిస్కులకే వాడుకుంటుంది. చవక కంప్యూటర్ కట్టించుకునేవాడికి కావలసిన డిస్కే ముందు మాయమైంది.

ఆ రోజుల్లో బ్యాక్‌బ్లేజ్ అనే కాలిఫోర్నియా కంపెనీ పడ్డ పాట్లు బాగా ప్రచారంలోకి వచ్చాయి. ఇతరుల ఫైళ్లకు ఇంటర్నెట్ ద్వారా నకళ్లు భద్రపరచడం దాని పని. రోజూ కొత్త డిస్కులు కావాలి, కానీ పెద్ద ఒప్పందాలు చేసుకునేంత పెద్దదేమీ కాదు. కంప్యూటర్ లోపల బిగించే డిస్కుల ధర చుక్కలనంటినా, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మే ఎక్స్‌టర్నల్ డిస్కుల ధర అంతగా పెరగలేదని వాళ్లు గమనించారు. ఉద్యోగులూ, వాళ్ల బంధుమిత్రులూ కాస్ట్‌కో, బెస్ట్ బై దుకాణాలకు వెళ్లి మనిషికి రెండు చొప్పున కొనుక్కొచ్చారు. డబ్బా పగలగొట్టి, లోపలి డిస్క్ తీసి సర్వర్‌లో పెట్టారు. ఒకే డిస్క్ డబ్బాలో ఉంటే చవక, విడిగా ఉంటే ఖరీదు. కొరత కాలపు ధరకు తయారీ ఖర్చుతో ఎంత దూరపు చుట్టరికమో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

దెబ్బ డిస్కుల దగ్గరే ఆగలేదు. డిస్కులు దొరకక కంప్యూటర్ కంపెనీలు ప్రాసెసర్ల కొనుగోలూ తగ్గించాయి. ఆ డిసెంబరులో ఇంటెల్ తన త్రైమాసిక ఆదాయ అంచనాను 100 కోట్ల డాలర్లు తగ్గించుకుంది.

ఇక లాభాల సంగతి. సీగేట్ 2011 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో సుమారు 5 కోట్ల 10 లక్షల డిస్కులు అమ్మి 14 కోట్ల డాలర్ల లాభం చూపింది. వరదల త్రైమాసికంలో అమ్మినవి 4 కోట్ల 70 లక్షలే, లాభం మాత్రం 56 కోట్ల డాలర్లు. తక్కువ అమ్మి నాలుగింతలు సంపాదించింది. వెస్టర్న్ డిజిటల్ అమ్మకాలు సంఖ్యలో సగానికి పడిపోయాయి. కర్మాగారం నీళ్లలో ఉన్న ఆ త్రైమాసికంలోనూ అది లాభంలోనే ఉంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ కొరత తయారీదారుకు కష్టకాలం అని నమ్మేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

అదే కాలంలో రెండు కంపెనీలూ చాలా మోడళ్ల వారంటీ తగ్గించాయి. కొన్నిటికి 3 ఏళ్లున్నది 2 ఏళ్లకు, మరికొన్నిటికి ఏడాదికి దిగింది. డిస్క్‌కు ఎక్కువ డబ్బు పెట్టిన మనిషికి తక్కువ భరోసా దక్కింది. అంతకుముందే కుదిరిన విలీనాలు కూడా అప్పుడే పూర్తయ్యాయి. 2011 డిసెంబరులో శామ్‌సంగ్ డిస్క్ వ్యాపారం సీగేట్ చేతికి, 2012 మార్చిలో హిటాచీ డిస్క్ వ్యాపారం వెస్టర్న్ డిజిటల్ చేతికి వచ్చాయి. అయిదుగురు ముగ్గురయ్యారు. కర్మాగారాలు 2012లోనే కోలుకున్నాయి. టెరాబైట్ ధర వరదల ముందరి స్థాయికి రావడానికి మాత్రం సుమారు రెండేళ్లు పట్టింది. ధర దించాల్సిన తొందర ముగ్గురిలో ఎవరికీ లేదు.

ఈలోగా ఎస్‌ఎస్‌డీలు చవకవుతూ వచ్చి 2012లో అమెరికాలో గిగాబైట్ డాలరు కన్నా కిందికి దిగాయి. హార్డ్ డిస్క్ ఖరీదైన ఆ రెండేళ్లలో చాలామంది అటు మళ్లారు. 2010లో 65 కోట్ల డిస్కులు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆ సంఖ్య మళ్లీ రాలేదు.

మన దగ్గర రెండు దెబ్బలు

హార్డ్ డిస్కులు మన దేశానికి దిగుమతి సరుకు, లెక్కంతా డాలర్లలో. 2011 జులైలో డాలరు 44 రూపాయల చిల్లర ఉండేది. డిసెంబరు మధ్యకు 54 దాటింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, వరద పెంచిన ధర మీద రూపాయి పతనం ఇంకో అయిదో వంతు కలిపింది. అమెరికా కొనుగోలుదారు ఒక దెబ్బ తింటే మనవాళ్లు రెండు తిన్నారు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ వంటి బజార్ల నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్ కట్టించుకునే పద్ధతి మన దగ్గర ఎక్కువ. అంటే ఒప్పంద ధర నీడలో లేని కొనుగోలుదార్లు ఎక్కువ. బ్రాండెడ్ కంప్యూటర్ కొన్నవాడికి డిస్క్ భారం మొత్తం ధరలో కలిసిపోయి కొంత తగ్గుతుంది, కట్టించుకునేవాడికి తగ్గదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లకు డిస్క్ అంటే రోజువారీ ముడిసరుకు. వాళ్లు రెండు నెలల ముందు ఒప్పుకున్న రేటుకే పని చేసిపెట్టాలి.

పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతికత ఒప్పందం కింద హార్డ్ డిస్కుల మీద మన దేశంలో మౌలిక కస్టమ్స్ సుంకం లేదు. జీఎస్టీ మాత్రం 18 శాతం. శాతం లెక్కన వేసే పన్ను కాబట్టి ధర రెట్టింపైతే పన్నూ రెట్టింపవుతుంది. కొరత కాలంలో ఖజానాకు కూడా కాస్త కలిసొస్తుందన్నమాట.

0.07 సెకన్లు

ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డులకు ప్రాణం నాండ్ ఫ్లాష్ చిప్. దీన్ని తయారుచేసేవాళ్లు ప్రపంచంలో చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా, దాని భాగస్వామి శాన్‌డిస్క్, మైక్రాన్, చైనాకు చెందిన వైఎంటీసీ. దుకాణంలో కనిపించే ఇరవై ముప్ఫై బ్రాండ్లలో ఎక్కువ భాగం వీళ్ల చిప్‌లు కొని బిగించేవే.

సిలికాన్ పలక లోపలికి వెళ్లి చిప్‌లుగా బయటికి రావడానికి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మధ్యలో వందల దశలు. ఏ దశలో కరెంటు పోయినా, ఆ క్షణంలో యంత్రంలో ఉన్న పలక పనికిరాకుండా పోవచ్చు. జపానులోని యొక్కయిచిలో తోషిబాకు పెద్ద ఫ్లాష్ కర్మాగారం ఉండేది, ఇప్పుడది కియోక్సియాది. 2010 డిసెంబరు 8న అక్కడ విద్యుత్ వోల్టేజీ 0.07 సెకన్ల పాటు పడిపోయింది. మన ఇళ్లలో బల్బు ఒక్కసారి మినుకుమన్నట్టు కూడా ఉండదు. ఆ ఒక్క కుదుపుతో తర్వాతి రెండు నెలల సరఫరా 20 శాతం దాకా తగ్గవచ్చని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది.

అదే యొక్కయిచిలో 2019 జూన్ 15న 13 నిమిషాలు కరెంటు పోయింది. ఉత్పత్తి మళ్లీ గాడిలో పడటానికి నెల పట్టింది. అప్పటికి భాగస్వామిగా ఉన్న వెస్టర్న్ డిజిటల్ తన వాటా నష్టమే 6 ఎక్సాబైట్లని, అంటే 60 లక్షల టెరాబైట్లని చెప్పింది. 2011 అనుభవం ఉన్నవాళ్లు ధరలు భగ్గుమంటాయనుకున్నారు. అలా జరగలేదు. ఏడాది నుంచి ఫ్లాష్ చిప్‌లు గోదాముల్లో పేరుకుపోయి ఉన్నాయి, ధరలు అప్పటిదాకా జారుతూ వచ్చాయి. ఈ ప్రమాదం ఆ జారుడును ఆపి, కాస్త పైకి నెట్టింది, అంతే.

2022 ఫిబ్రవరిలో యొక్కయిచి, కితకామి కర్మాగారాల్లో ముడిపదార్థం కలుషితమైంది. ఈసారి వెస్టర్న్ డిజిటల్ చెప్పిన నష్టం కనీసం 6.5 ఎక్సాబైట్లు, 2019 నాటికన్నా ఎక్కువ. మార్కెట్ పరిశీలకులు 5 నుంచి 10 శాతం పెరుగుదల ఉంటుందన్నారు. కానీ కోవిడ్ కాలంలో కంప్యూటర్ల కోసం ఎగబడ్డ జనం అప్పటికే కొనాల్సింది కొనేశారు. ఏడాది రెండో సగంలో ఫ్లాష్ ధరలు పెరగడం మాట అటుంచి, కుప్పకూలాయి. అదే ఏడాది ఉక్రెయిన్ యుద్ధంతో మరియుపోల్, ఒడెసాలలో చిప్‌ల తయారీకి కావలసిన నియాన్ వాయువు శుద్ధి చేసే సంస్థలు మూతపడ్డాయి. ప్రపంచ అవసరాల్లో దాదాపు సగం అక్కణ్ణుంచే వచ్చేది. 2014లో క్రిమియా గొడవప్పుడు నియాన్ ధర దెబ్బ రుచి చూసిన చిప్ కంపెనీలు అప్పటి నుంచే నిల్వలు పెట్టుకుంటున్నాయి, వేరే దారులు వెతుక్కున్నాయి. ఎస్‌ఎస్‌డీ కొనేవాడికి ఆ సెగ తగల్లేదు.

ప్రమాదం లేని కొరతలు

ప్రకృతి, ప్రమాదం ఏమీ లేకుండా వచ్చే కొరతలే ఈమధ్య ఎక్కువ. 2023 మధ్యలో అమెరికాలో టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ 40, 50 డాలర్లకే దొరికేది. కొనేవాళ్లకు పండగ, తయారీదార్లకు వరస నష్టాలు. ఆ ఏప్రిల్‌లో శామ్‌సంగ్ మెమరీ ఉత్పత్తిని చెప్పుకోదగ్గంత తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మిగతా కంపెనీలు అంతకుముందే ఆ పని మొదలుపెట్టాయి. ఏడాది చివరికి ధరలు ఎక్కడం మొదలైంది. ఏ కర్మాగారమూ మునగలేదు, కరెంటూ పోలేదు. యంత్రాలను నెమ్మదిగా నడిపించారు. వినియోగదారుడి జేబు మీద దీని ఫలితానికీ, వరద ఫలితానికీ తేడా లేదు.

2021 వసంతంలో హార్డ్ డిస్కులకు వచ్చిన కొరత ఇంకో రకం. బిట్‌టొరెంట్ సృష్టికర్త బ్రామ్ కోహెన్ మొదలుపెట్టిన చియా అనే క్రిప్టో నాణేన్ని సంపాదించాలంటే కరెంటు ఖర్చుపెట్టి లెక్కలు చేయడం కాదు, ఖాళీ డిస్క్ స్థలం చూపించాలి. నాణెం లావాదేవీలు మే నెలలో మొదలయ్యేనాటికి చైనాలోనూ, తర్వాత మిగతాచోట్లా పెద్ద సైజు డిస్కులు గంపగుత్తగా ఎగిరిపోయాయి. ఇంటి ఫొటోలు దాచుకోవడానికి 8 టెరాబైట్ల డిస్క్ వెతికినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. నాణెం విలువ పడిపోగానే కొద్ది నెలల్లో ఆ వేలంవెర్రి చల్లారింది. ఆ డిస్కులు ఎక్కడికి పోయాయన్నది తర్వాతి కథ.

అన్నిటికన్నా పెద్ద కొత్త కొనుగోలుదారు కృత్రిమ మేధ. 2025 రెండో సగానికి డేటా కేంద్రాలు కొనే పెద్ద హార్డ్ డిస్కులకు ఆర్డరు పెట్టాక ఏడాదికి పైగా ఆగాల్సిన పరిస్థితి వచ్చింది. అవి దొరక్క ఆ సంస్థలు ఫ్లాష్ మీద పడ్డాయి. సెప్టెంబరులో వెస్టర్న్ డిజిటల్ అన్ని రకాల హార్డ్ డిస్కుల ధర పెంచుతున్నట్టు కొనుగోలుదార్లకు తెలియజేసింది. శాన్‌డిస్క్ కూడా అదే నెలలో ఫ్లాష్ ధరలు 10 శాతం పెంచింది. డిసెంబరు 3న మైక్రాన్ మరో అడుగు ముందుకేసి, మామూలు జనానికి ఎస్‌ఎస్‌డీలు, ర్యామ్‌లు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. చిప్‌లను డేటా కేంద్రాలకు అమ్మితే వచ్చే లాభం చిల్లర అమ్మకంలో రాదన్నది దాని లెక్క. వరసలో చివర నిలబెట్టడం వేరు, వరసలోంచే తీసేయడం వేరు. ఇది రెండోది.

మైక్రాన్‌కు హైదరాబాద్‌లో 2019 నుంచి పెద్ద డిజైన్ కేంద్రం ఉంది. గుజరాత్‌లోని సనంద్‌లో చిప్‌లను బిగించి పరీక్షించే కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. మనవాళ్ల ఉద్యోగాలకు ఇవి మంచివే కానీ, వీటివల్ల మన బజారులో ఎస్‌ఎస్‌డీ చవకవుతుందని ఆశపడటం దండగ. చిప్ ధర ప్రపంచమంతటికీ ఒకటే మార్కెట్‌లో తేలుతుంది.

ధర మారదు, సరుకు మారుతుంది

కొరత ఎప్పుడూ ధర రూపంలోనే రాదు. 2021లో చిప్‌లు దొరక్క కంపెనీలు తల పట్టుకున్న రోజుల్లో, మోడల్ పేరు, డబ్బా, దాదాపు ధర కూడా అలాగే ఉంచి లోపలి భాగాలు మార్చిన ఉదాహరణలు బయటపడ్డాయి. క్రూషియల్ పీ2 ఎస్‌ఎస్‌డీలో మొదట ఒక్కో కణంలో మూడు బిట్లు దాచే చిప్‌లు వాడారు, తర్వాత నాలుగు బిట్లు దాచే చవక రకం పెట్టారు. వెస్టర్న్ డిజిటల్ బ్లూ ఎస్‌ఎన్550లో ఫ్లాష్ మారి, కొంత డేటా రాశాక వేగం బాగా పడిపోయింది. శామ్‌సంగ్ 970 ఎవో ప్లస్‌లో ఫ్లాష్ చిప్‌లను నడిపించే కంట్రోలర్ మారింది. పత్రికల్లో సమీక్షలు చదివి కొన్నవాళ్లకు అందింది ఆ సమీక్షల్లో ఉన్న వస్తువు కాదు.

పాత డిస్కులను కొత్తవిగా అమ్మడం ఇంకా పచ్చి మోసం. 2025 జనవరిలో జర్మనీలో ఇది వెలుగులోకి వచ్చింది. సీగేట్ పెద్ద డిస్కులను కొత్తవనుకొని దుకాణాల్లో కొన్నవాళ్లలో కొందరికి వేల గంటలు తిరిగిన డిస్కులు అందాయి. అవి చియా నాణేల కోసం డిస్కులు నడిపి మూతపడ్డ కేంద్రాల నుంచి వచ్చినవని అనుమానాలు వచ్చాయి. మామూలుగా చూసే గంటల లెక్కను మోసగాళ్లు సున్నాకు తిప్పేశారు. కానీ సీగేట్ డిస్కుల్లో ‘ఫార్మ్’ అనే మరో లోపలి చిట్టా ఉంటుంది, దాన్ని ముట్టుకోలేదు. దొంగతనం అక్కడ దొరికింది. కొత్త డిస్క్ ధర చుక్కల్లో ఉన్నప్పుడే ఈ వ్యాపారం గిట్టుబాటవుతుంది.

కాబట్టి కొరత కాలంలో డిస్క్ కొనేవాళ్లు బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. ఆ నంబరుకు ఇంకా ఎన్నాళ్లు వారంటీ ఉందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడాలి. కొత్త డిస్క్‌కు ఏడాది వారంటీ అప్పటికే ఖర్చయిపోయి కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇంటికి తెచ్చాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంలో ఎన్ని గంటలు తిరిగిందో చూడండి. సీగేట్ అయితే స్మార్ట్‌సీటీఎల్ ప్రోగ్రాంతో ఫార్మ్ చిట్టా కూడా తీసి రెంటినీ పోల్చండి. రెండు అంకెలకూ పొంతన లేకపోతే వాపసు గడువు దాటకముందే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.